ఐదు లక్షల సీడ్ గ్రాంట్, అడవి లెక్కలు, ఒక తండ్రి బెంగ

ప్రశ్న: మా అమ్మాయి బెంగళూరులో బీఎస్సీ మ్యాథ్స్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఎమ్మెస్సీ డేటా సైన్స్‌లో చేర్పిద్దామనుకుంటే, గణితం, వన్యప్రాణి సంరక్షణ కలిపి పరిశోధన చేస్తానంటోంది. ఒక ప్రొఫెసర్ గారు ఐదు లక్షల సీడ్ ఫండింగ్‌కి దరఖాస్తు పెడుతున్నారట, వస్తే ఈమెను ప్రాజెక్టులోకి తీసుకుంటారట. ఆ ఐదు లక్షలు అయిపోయాక మా పిల్ల గతేమిటి? అంత ఇష్టమైతే ఏఐతో వన్యప్రాణుల స్టార్టప్ పెట్టుకోమను, దానికీ సీడ్ ఫండ్ ఇస్తారు అంటున్నాడు మా బావమరిది. ఆడపిల్లను అడవుల్లో తిప్పితే రేపు సంబంధాలు ఎలా వస్తాయి? దారులన్నీ పోల్చి చెప్పగలరు.
– ఒక తండ్రి, మారతహళ్ళి

జవాబు: పోల్చి చెబుతానండీ. ముందు ఒక అపోహ తీర్చాలి. ఆ ఐదు లక్షలు మీ అమ్మాయి చేతికి రావు. సీడ్ గ్రాంట్ సంస్థ ఖాతాలో పడుతుంది, ప్రొఫెసర్ సంతకం మీద ఖర్చవుతుంది, ఏడాది ఏడాదిన్నరలో లెక్క అప్పజెప్పాలి. మన ఊళ్ళల్లో నారుమడి ఎలాంటిదో ఇదీ అలాంటిదే. రెండు సెంట్ల నారుమడి చూసి ఇంతేనా పంట అని ఎవరూ దిగులుపడరు. పరిశోధనలో ఎత్తుకున్న ప్రశ్నకు జవాబు దొరికే అవకాశం ఉందని చూపించి, దాంతో పెద్ద గ్రాంటు అడగడానికే ఈ డబ్బు.

ఐదు లక్షలు ఎలా కరుగుతాయో ఒక నమూనా చూడండి. ప్రాజెక్ట్ అసిస్టెంట్‌కి నెలకు 22,000 చొప్పున పది నెలలకు 2,20,000. అడవికి మూడు ప్రయాణాలు, ఒక్కొక్కటి 30,000. స్థానిక సహాయకులకు రోజుకు 700 చొప్పున అరవై పనిదినాలకు 42,000. ఫొటోలు దాచే డిస్కులు, కంప్యూటర్ సమయం 48,000. గణితం వాళ్ళూ అడవి వాళ్ళూ రెండు రోజులు ఒకచోట కూర్చోవడానికి 50,000. సంస్థ కోసుకునే ఓవర్‌హెడ్ పది శాతం, ఇంకో 50,000. సరిగ్గా ఐదు లక్షలు. ఇందులో ఒక్క కెమెరా కూడా కొనలేదని గమనించండి. కెమెరాలు కొనాలనుకుంటే ఈ డబ్బు సరిపోదు. అందుకే తెలివైన ప్రతిపాదన ఉన్న డేటాతోనే మొదలవుతుంది: ఈబర్డ్‌లో పక్షుల నమోదులు, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్, లేదా ఏ సంస్థ దగ్గరో ఏళ్ళ తరబడి పోగుపడి ఉన్న కెమెరా ట్రాప్ (జంతువు ఎదురుగా రాగానే దానంతటదే ఫొటో తీసే కెమెరా) ఫొటోలు.

ఎక్కువ ప్రాజెక్టులు చతికిలపడేది క్యాలెండర్ దగ్గర. మంజూరు తేదీ నుంచే గడువు మొదలవుతుంది. అభయారణ్యంలో పరిశోధనకు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి తీసుకోవాలి, దానికి నెలలు పడుతుంది. ఈలోగా వానలొస్తాయి, నాగరహొళె, బండీపుర దారుల్లో పొదలు పెరిగిపోతాయి, ఆ సీజన్ పోయినట్టే. మార్చి 31కి ఖర్చు చూపించమంటారు. డబ్బు ఉంటుంది, పని ఉండదు. విదేశీ ఫౌండేషన్ గ్రాంటయితే ఇంకో ముడి: తీసుకునే సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) నమోదు, ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో ఖాతా ఉండాలి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ ఆ డబ్బును ఇంకో సంస్థకు బదలాయించడానికి వీల్లేదు. ఇద్దరం కలిసి చేద్దాం, సగం మీకు పంపుతాం అన్న ఒప్పందాలన్నీ అక్కడే ఆగిపోతాయి.

అసలు అడవిలో గణితానికేం పని అనే సందేహం మీ ఉత్తరం నిండా కనిపిస్తోంది. 2022 పులుల గణనలో 32,588 చోట్ల కెమెరాలు పెట్టారు. 4.7 కోట్ల ఫొటోలు వచ్చాయి, వాటిలో పులులవి 97,399. చారలు పోల్చి గుర్తుపట్టిన పులులు 3,080. కానీ దేశంలో ఉన్న పులుల సగటు అంచనా 3,682 అని ప్రకటించారు. ఏ కెమెరాకూ చిక్కని ఆ ఆరువందల చిల్లర పులుల్ని లెక్కలోకి తెచ్చింది గణితం.

అందులోని మూలసూత్రం మీకూ అర్థమవుతుంది. మొదటి విడతలో 20 పులులు ఫొటోకి దొరికాయనుకోండి. రెండో విడతలో 25 దొరికాయి, వాటిలో 10 పాతవే. అంటే రెండో విడతలో అయిదింట రెండు వంతులు మనం ముందే చూసినవి. కాబట్టి ఆ 20 మొత్తంలో అయిదింట రెండు వంతులు అయ్యుండాలి, మొత్తం 50. ఇప్పుడు మొదటిసారి ఫ్లాష్‌కి బెదిరిన పులులు ఆ దారి మానేశాయనుకోండి. పాతవి 10కి బదులు 5 మాత్రమే దొరుకుతాయి, అంచనా వందకు ఎగబాకుతుంది. అడవిలో ఒక్క పులీ పెరగలేదు, కాగితం మీద రెట్టింపయ్యాయి. ఆ లెక్క నమ్మి అడవి గుండా రోడ్డుకి అనుమతి ఇచ్చేస్తే? ఇంకో చిన్న సంగతి: పులికి కుడిపక్క చారలు, ఎడమపక్క చారలు ఒకేలా ఉండవు. అందుకే కెమెరాలు దారికి అటూ ఇటూ జంటగా పెడతారు. ఒకటి పాడైతే ఒకే పులి రెండు పులులుగా లెక్కకెక్కే ప్రమాదం ఉంది. దీన్ని సరిదిద్దే పద్ధతుల మీద పరిశోధన ఇప్పటికీ సాగుతోంది.

ఇక మీ బావమరిది గారి సలహా. ఈమధ్య ప్రతి తల్లీ తండ్రీ ఏఐ పేరు ఎత్తకుండా ప్రశ్న ముగించడం లేదు, అందుకే దీనిమీద నా అనుమానం దాచుకోను. ఫొటోల్లో జంతువుందో లేదో చెప్పే మెగాడిటెక్టర్ లాంటి సాధనాలు ఉచితంగానే దొరుకుతున్నాయి. జాతిని గుర్తించే మోడల్ ఒక అడవిలో నేర్చుకుని, ఇంకో అడవికి వెళ్ళేసరికి తడబడుతుంది, ఎందుకంటే అది జంతువుతో పాటు వెనక ఉన్న పొదనీ, వెలుతురునీ కూడా నేర్చుకుంటుంది. అది సరిగ్గా పనిచేసినా ఫొటోలు వేరుచేసి పెడుతుంది, అంతవరకే. కనిపించని వాటి సంఖ్య చెప్పడం వేరే విద్య. స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ పథకం 2021లో మొదలైనప్పుడు నమూనా తయారీకి గరిష్ఠంగా 20 లక్షల గ్రాంటు అన్నారు, నిజమే. కానీ దానికి కంపెనీ రిజిస్టర్ చెయ్యాలి, కొత్త కంపెనీలకు ఆసరా ఇచ్చే ఇంక్యుబేటర్ సంస్థని ఒప్పించాలి, అన్నిటికీ మించి కొనేవాడుండాలి. ఇక్కడ కొనేది ముఖ్యంగా అటవీశాఖ, అదీ టెండరు మీద. ఇరవై ఒక్కేళ్ళ పిల్ల పరిశోధన మానేసి టెండర్ల చుట్టూ తిరగడం ఏ రకంగా భద్రమైన దారో నాకు అర్థం కావడం లేదు. రెండింటినీ సీడ్ ఫండ్ అనే పిలుస్తారు, పోలిక ఆ పేరు వరకే.

మీ అమ్మాయి ఎంచుకున్న దారిలో నిజమైన ప్రమాదం వేరేది. పీహెచ్‌డీ అయ్యాక గణితం డిపార్ట్‌మెంటు ఇది జీవశాస్త్రం అంటుంది, జీవశాస్త్రం వాళ్ళు ఇది గణితం అంటారు. రెంటికీ చెడ్డ రేవడి అవుతుందన్న భయం ఇక్కడ సబబే. దానికి విరుగుడు, ఒక కాలు గట్టిగా ఒకచోట ఊనడం. ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్‌లో ఎవరూ వేలెత్తి చూపలేని పునాది వేసుకుని, అడవిని ఆ తర్వాత నేర్చుకోవడమే మంచిది. ఈ విషయంలో బెంగళూరులో ఉండటం మీ అదృష్టం. ఐఐఎస్‌సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్)లో గణిత శాస్త్రాల అంతర్విభాగ పీహెచ్‌డీ ఉంది, అదే ప్రాంగణంలో జీవావరణ శాస్త్రాల కేంద్రం ఉంది. మైసూరు రోడ్డులో ఐఎస్ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్), హెసరఘట్ట వైపు సైద్ధాంతిక శాస్త్రాల కేంద్రం ఐసీటీఎస్, జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో జీవశాస్త్రాల కేంద్రం ఎన్‌సీబీఎస్. జీవావరణ శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్ హార్వర్డ్‌లో గణిత జీవావరణంలో పీహెచ్‌డీ చేసే 1973లో ఐఐఎస్‌సీకి వచ్చారు. నాగరహొళెలో పులుల మీద ఇందాకటి పద్ధతిని వాడి 1995లో ప్రచురించిన ఉల్లాస్ కారంత్ మొదట చదివింది మెకానికల్ ఇంజినీరింగ్.

గ్రాంటు అయిపోయాక తిండెలా అంటారా? పీహెచ్‌డీలో జీతం వచ్చేది ఫెలోషిప్ నుంచి. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) మొదటి రెండేళ్ళు నెలకు 37,000, ఆ తర్వాత 42,000, ఇంటద్దె భత్యం అదనం. డేటా సైన్స్‌లో చేరితే ఫీజు మీరు కడతారు, ఉద్యోగం త్వరగా వస్తుంది, మొదటి ఐదేళ్ళు జీతం ఎక్కువ. ఇందులో వాదన లేదు. కానీ పరిశోధన కుదరక వెనక్కి రావలసి వచ్చినా ఆమె ఉత్త చేతులతో రాదు. పులుల్ని లెక్కపెట్టే ఈ లెక్కతోనే 1949లో చంద్రశేఖరన్, డెమింగ్ అనే గణాంక నిపుణులు బెంగాల్‌లోని సింగూరులో నమోదుకాని జననమరణాల్ని అంచనా కట్టారు. రోగుల సంఖ్యకూ, జనగణనలో తప్పిపోయినవాళ్ళకూ ఇదే వాడతారు. ఆ విద్యకు ఆసుపత్రుల్లో, బీమాలో, బ్యాంకుల్లో గిరాకీ ఉంది.

అడవుల్లో తిప్పడం అన్నారు. గణితం మనిషి పనిలో ఎక్కువ భాగం కంప్యూటర్ ముందే. అడవికి వెళ్ళినా అనుమతితో, అటవీ సిబ్బందితో, పగటిపూటే. ఏనుగుల భయం నిజమైనదే, అందుకే ఒంటరిగా ఎవరినీ పంపరు. సంబంధాల మాట మాత్రం నాకు కష్టం కలిగించిందండీ. రాత్రి రెండింటికి ఔటర్ రింగ్ రోడ్డులో క్యాబ్ దిగే ఐటీ ఉద్యోగమైతే మీకు అభ్యంతరం లేదు. పులుల్ని కాపాడే లెక్క చేస్తానంటే మాత్రం పెళ్ళి గుర్తొచ్చింది. ఆ ప్రశ్న మీ అబ్బాయి గురించి అయితే అడిగేవారా? ఈ మాట ఆమె ఎదుట అనేసి ఉంటే, ఈరోజే వెనక్కి తీసుకోండి.

ప్రొఫెసర్ గారి దగ్గర మూడు విషయాలు ఆమెనే కనుక్కోమనండి: డేటా ఇప్పటికే చేతిలో ఉందా, అటవీ సంరక్షణ వైపు నుంచి భాగస్వామి పేరు ప్రతిపాదనలో ఉందా, పేపర్‌లో ఆమె పేరు ఎక్కడ ఉంటుంది. మొదటి రెంటికీ ఇంకా లేదు అని జవాబొస్తే ఆ ప్రాజెక్టు వదిలేసి, ఎమ్మెస్సీ చేస్తూ జేఆర్‌ఎఫ్‌కి చదువుకోవడమే మేలు. ఉన్నాయంటే, పది నెలలు చేయనివ్వండి. ఎమ్మెస్సీ వచ్చే ఏడాది కూడా ఉంటుంది.