పక్క సీటులో ట్రైనర్ లేకపోతే అది శిక్షణ కాదు

సందేహం: అమెరికాలో ట్రెయిలర్ తగిలించిన భారీ ట్రక్కులు తోలడానికి కావలసిన క్లాస్ ఏ సీడీఎల్ లైసెన్సు ఈమధ్యే చేతికొచ్చింది. ఒక పెద్ద కంపెనీ ఉద్యోగం ఇస్తానంటోంది. అయితే మొదటి కొన్ని వారాలు ట్రైనర్‌తో తిరగాలట, అప్పటివరకు జీతం తక్కువేనట. ఇంకోవైపు తెలిసినవారొకరు తమ ట్రక్కు ఇస్తాం, నేరుగా లోడ్లు తోలుకోమంటున్నారు. పరీక్ష పాసయ్యాక కూడా ట్రైనర్ అవసరమా?

జవాబు: అవసరమే. ఇప్పుడు మీరు చూసుకోవలసింది జీతం ఎంత, కంపెనీ పేరేమిటి అన్నవి కావు. మీరు నడుపుతున్నప్పుడు పక్కన ఎవరు కూర్చుంటారన్నదే చూసుకోవాలి. ఏళ్ల తరబడి కొత్త డ్రైవర్లను వెంట తిప్పుకుంటూ పని నేర్పుతున్నాను కనుక ఈ ఒక్క విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను.

మీరు పాసైన పరీక్షలో ఏమేం అడిగారో ఒకసారి గుర్తు చేసుకోండి. బండి చుట్టూ తిరిగి భాగాలు చూపించారు, ఎయిర్ బ్రేకులు తనిఖీ చేశారు, కోన్‌ల మధ్య రివర్స్ చేశారు, రోడ్డు మీద కాసేపు నడిపారు. 2022 ఫిబ్రవరి 7 నుంచి గుర్తింపు ఉన్న శిక్షణ సంస్థలో నేర్చుకున్నవారికే ఈ పరీక్ష పెడుతున్నారు. అది మంచిదే. కాని స్టీరింగ్ ముందు కనీసం ఇన్ని గంటలు గడపాలని ఆ ఫెడరల్ నిబంధనలో లేదు. పని వచ్చిందని బోధకుడు నమ్మితే చాలు. నిండు లోడుతో 80,000 పౌండ్ల బరువు వెనక నుంచి నెడుతుంటే, వానలో, రాత్రివేళ, ముక్కూమొహం తెలియని గోదాము ఆవరణలో ఏం చేయాలో ఆ పరీక్ష అడగదు.

అసలు మెలిక ఇంకొకటి ఉంది. లెర్నర్ పర్మిట్ మీద ఉన్నంతకాలం సీడీఎల్ ఉన్న మనిషి ముందు సీటులో కూర్చుని గమనించాలి. అది చట్టం. లైసెన్సు రాగానే ఆ షరతు తొలగిపోతుంది. ఆ తర్వాత మీరు నడుపుతుంటే ట్రైనర్ పక్కన కూర్చోవచ్చు, క్యాబ్ వెనక భాగంలో ఉండే పడక మీద నిద్రపోవచ్చు. అది కంపెనీ విధానాన్ని బట్టి ఉంటుంది. ఇందులో డబ్బు లెక్క ఉంది. డ్రైవర్ వరుసగా 10 గంటలు విశ్రాంతి తీసుకున్నాక, 14 గంటల వ్యవధిలో 11 గంటలు మాత్రమే నడపవచ్చు. ట్రైనర్ పక్కన కూర్చుని మిమ్మల్ని గమనిస్తుంటే అది ఆయనకు డ్యూటీ సమయమే. ఆయన గడియారమూ తిరుగుతుంటుంది కనుక ఇద్దరున్నా బండి ఒక మనిషి తోలినంతే సాగుతుంది. అదే ఆయన పడుకుని మీరు నడిపి, తర్వాత మీరు పడుకుని ఆయన నడిపితే బండి దాదాపు ఆగదు. కంపెనీకి ఇద్దరు డ్రైవర్ల మైళ్లు వస్తాయి, అందులో ఒకరికి ఇచ్చేది శిక్షణ జీతం. ఆ మైళ్ల మీద ట్రైనర్‌కూ కొంత దక్కేచోట ఆయనకు నిద్రే లాభం.

అందుకే సంతకం పెట్టేముందు రిక్రూటర్‌ను సూటిగా అడగండి. నేను నడుపుతున్నంతసేపూ ట్రైనర్ పక్క సీటులో ఎన్ని రోజులు ఉంటారు? ఆయనకు ఈ పనిలో అనుభవం ఎంత? మా ఇద్దరికీ పొసగకపోతే వేరే ట్రైనర్‌ను ఇస్తారా? నీళ్లు నమిలితే ఇంకో కంపెనీ చూసుకోండి. రెండో రోజు రాత్రే, "హైవే తిన్నగానే ఉంది, నువ్వు పోనీ" అని ఆయన పడక తెర లాగేసుకుంటే, మర్నాడు ఉదయమే శిక్షణ విభాగానికి ఫోన్ చేయండి. అది చాడీ చెప్పడం కాదు. ఆ రోడ్డు మీద పిల్లలతో వెళ్తున్న కార్లూ ఉంటాయి.

మంచి ట్రైనర్ ఎలా ఉంటాడో ట్రెయిలర్ తగిలించే పద్ధతిలోనే తెలిసిపోతుంది. ట్రక్కును వెనక్కి పోనిచ్చి, ఠక్కుమని శబ్దం రాగానే పడిందనుకుని వెళ్లిపోయేవారు ఉన్నారు. నేను అలా వదలను. మొదట ల్యాండింగ్ గేర్, అంటే ట్రెయిలర్ ముందు భాగాన్ని నిలబెట్టే కాళ్లు, ఇంకా నేల మీద ఉండగానే ట్రెయిలర్ బ్రేకులు పట్టి ఉంచి, బండిని మెల్లగా ముందుకు లాగి చూడాలి. తర్వాత దిగి, టార్చి పట్టుకుని ట్రెయిలర్ కిందకు వంగాలి. ట్రెయిలర్‌ను మోసే ట్రక్కు మీది పలక ఫిఫ్త్ వీల్. దానికీ ట్రెయిలర్ అడుగు పలకకూ మధ్య వెలుతురు కనిపించకూడదు. ఫిఫ్త్ వీల్ దవడలు ట్రెయిలర్ అడుగున ఉండే కింగ్‌పిన్ అనే ఇనుప కడ్డీ మెడను చుట్టి మూసుకున్నాయా, లివర్ పూర్తిగా లోపలికి వెళ్లిందా అన్నది కళ్లతో చూడాలి. అవన్నీ అయ్యాకే ల్యాండింగ్ గేర్ ఎత్తడం. చేతికి గ్రీజు అంటుతుంది, వానలో మోకాళ్లు తడుస్తాయి. అయినా ప్రతిసారీ చేయించే మనిషి దొరికితే ఆయన్ను వదులుకోకండి.

కొత్తవారి ప్రమాదాల్లో ఎక్కువ భాగం నేను చూసినంతవరకు రివర్స్‌లోనే. ప్రాణాలకు ముప్పు తక్కువ, ఉద్యోగానికి ముప్పు ఎక్కువ. ఒకసారి రాత్రివేళ ఒక కుర్రాడు గోదాము దగ్గర సరుకు ఎక్కించి దించే డాక్‌లోకి బండి పెడుతున్నాడు. ఆవరణలో ఇంకో రెండు ట్రక్కులు ఆగి ఉన్నాయి. వాళ్లను ఆపుతున్నానే అన్న కంగారులో అతని కళ్లు అద్దాల మీద నిలవడం లేదు. "బండి ఆపు, బ్రేకులు లాగు, దిగి చూసి రా" అన్నాను. వెళ్లి చూస్తే ట్రెయిలర్ కుడి వెనక మూలకూ పక్క ట్రెయిలర్‌కూ మధ్య మూరెడు జాగా కూడా లేదు. క్యాబ్‌లోంచి చూస్తే ఆ కుడి పక్క అంతా గుడ్డిదే. మళ్లీ ముందుకు లాగి, తిన్నగా చేసుకుని, నెమ్మదిగా పెట్టాడు. ఆగి ఉన్న ఆ రెండు ట్రక్కుల్లో ఎవరూ హారన్ కొట్టలేదు. కొట్టినా పట్టించుకోనక్కర్లేదు. వీలైనప్పుడల్లా డ్రైవర్ వైపు నుంచే రివర్స్ చేయండి, కిటికీ దించండి, రేడియో కట్టేయండి. వెనక వైపే చూస్తూ ట్రక్కు ముందు మూల ఎటు ఊగుతోందో మర్చిపోకండి.

ఘాట్ రోడ్డు మాత్రం ట్రైనర్ పక్కన ఉండగానే కనీసం ఒకటి దిగి తీరాలి. ఒరెగాన్‌లో ఐ-84 హైవే మీద క్యాబేజ్ హిల్, టెనెసీలో ఐ-24 మీద మాంటీగల్, కాలిఫోర్నియాలో ఐ-80 మీద డానర్ పాస్, ఏదైనా సరే. వేగం తగ్గించి గేర్ ఎంచుకోవలసింది పైన, దిగడం మొదలుపెట్టకముందే. భారమంతా ఇంజన్‌తోనే వేగాన్ని అదుపు చేసే ఇంజన్ బ్రేక్ మోయాలి. మీరు అనుకున్న సురక్షిత వేగం గంటకు 40 మైళ్లయితే, 40 తాకగానే వేగం స్పష్టంగా తగ్గేంత మేర బ్రేక్ తొక్కి 35కు తెచ్చి వదిలేయండి. మళ్లీ 40 తాకితే మళ్లీ అంతే. సీడీఎల్ మాన్యువల్‌లో ఉన్న పద్ధతే ఇది. అదే పనిగా తొక్కి పట్టుకుంటే డ్రమ్ములు కాలిపోయి, అవసరమైన క్షణంలో బ్రేకులు పట్టవు. రోడ్డు జారుడుగా ఉంటే ఇంజన్ బ్రేక్ ఆపేయాలి. ఆటోమేటిక్ గేర్ల బండి అయినంత మాత్రాన కొండ దిగే తెలివి దానికి ఉండదు.

మనవాళ్లలో నేను తరచూ చూసే అలవాటు ఒకటుంది. పెద్దవాడు ఏదైనా చెబితే అర్థం కాకపోయినా తల ఊపడం. మర్యాద కొద్దీ చేస్తారు, తెలుసు. ట్రక్కులో అది చాలా ప్రమాదం. యాక్సిల్ (చక్రాల ఇరుసు) బరువుల గురించి చెప్పినప్పుడు తల ఊపి ఊరుకుంటే, తూకం దగ్గర చిక్కుల్లో పడతారు. ముందు యాక్సిల్ మీద 12,000, ట్రక్కు వెనక జత మీద 34,000, ట్రెయిలర్ జత మీద 34,000 పౌండ్లు వస్తే మొత్తం సరిగ్గా 80,000, అదే పరిమితి. మొత్తం పరిమితిలోనే ఉన్నా ఒక జత మీద బరువు మించితే జరిమానా పడుతుంది. అప్పుడు ట్రెయిలర్ చక్రాలను ముందుకో వెనక్కో జరపాలి. కాలిఫోర్నియాలోనైతే 53 అడుగుల ట్రెయిలర్‌కు కింగ్‌పిన్ నుంచి చివరి యాక్సిల్ మధ్య దాకా 40 అడుగులు దాటకూడదు. ఇవన్నీ ఒక్కసారి వింటే ఎవరికీ ఎక్కవు. అడగండి, మళ్లీ అడగండి. విసుక్కునే ట్రైనర్ అయితే మార్పించుకోండి. తనిఖీ అధికారితో మాట్లాడేటప్పుడూ అంతే. 2025 జూన్ 25 నుంచి ఇంగ్లీషులో జవాబు చెప్పలేని డ్రైవర్‌ను అక్కడికక్కడే నిలిపేసే అధికారం వారికి ఉంది. మనకు భాష వచ్చు, కంగారే శత్రువు. లోడు ఏమిటో, ఎక్కడి నుంచి ఎక్కడికో పూర్తి వాక్యాల్లో నిదానంగా చెప్పడం ట్రైనర్‌తోనే సాధన చేయండి.

తెలిసినవారి ట్రక్కు మాటకొస్తే, వారి మంచితనాన్ని నేను శంకించను. బీమా పాలసీలో డ్రైవర్‌గా మీ పేరు చేర్చారా అని మాత్రం కాగితం చూపించమనండి. చిన్న కంపెనీలను బీమా సంస్థలు తరచూ రెండేళ్ల అనుభవం ఉన్న డ్రైవర్లనే పెట్టుకోమంటాయి. పేరు లేకుండా ఎక్కితే, ప్రమాదం జరిగిన రోజున మీకూ ఆయనకూ ఇద్దరికీ నిలువునా నష్టం. నడిపిన గంటలు నమోదు చేసే పరికరంలో వేరొకరి లాగిన్‌తో మిమ్మల్ని నడపమన్నా, మీ లాగిన్‌తో వేరొకరు నడుపుతామన్నా ఒప్పుకోకండి. అది దొంగ లాగ్ అవుతుంది.

స్టూడెంట్ వీసా, హెచ్1బీ మీద ఉన్నవారు పక్కపనిగా ట్రక్కు తోలే ఆలోచన మానుకోండి. గ్రీన్‌కార్డు లేనివారికి ఇచ్చే సీడీఎల్‌ల మీద 2025 నుంచి నిబంధనలు బాగా బిగిశాయి కనుక ఇమిగ్రేషన్ లాయరును అడిగాకే అడుగు వేయండి.

శిక్షణలో ఉండగానే "నీ సొంత బండి" అంటూ లీజు ఒప్పందం ముందు పెడితే సంతకం చేయవద్దు. మైళ్లు వచ్చినా రాకపోయినా వారం వారం కట్టవలసిన కిస్తీ, మరమ్మతులు, డీజిల్ అన్నీ మీ నెత్తిన పడతాయి. ఆ లెక్క వేయడానికి కావలసిన అనుభవం మీకు ఇంకా రాలేదు.

ఒంటరిగా వెళ్లే మొదటి లోడు మాత్రం పగలు చేరేలా ఇమ్మని, లోడ్లు కేటాయించే డిస్పాచర్‌ను ముందే అడగండి. చాలామంది ఒప్పుకుంటారు. బయలుదేరే ముందు గోదాముకు ఫోన్ చేసి ట్రక్కులు ఏ గేటు నుంచి లోపలికి రావాలి, రాత్రి అక్కడే ఆగనిస్తారా అని కనుక్కోండి. దారిలో 13 అడుగుల 6 అంగుళాల కంటే తక్కువ వంతెనలు లేవని ట్రక్కుల కోసం చేసిన జీపీఎస్‌లోనే చూసుకోండి. కార్ల మ్యాపును నమ్మకండి. ట్రైనర్ నంబరు మీ ఫోన్‌లో ఉంచుకోండి. మంచివాడైతే శిక్షణ ముగిశాక కూడా ఆయన ఫోన్ ఎత్తుతాడు.