కాలేజీ చూడటానికి వెళ్తున్నాం, గది ఎక్కడ తీసుకోవాలి?

ప్రశ్న: మా అమ్మాయికి ఎస్‌ఆర్‌ఎం, వీఐటీ రెండింట్లోనూ సీటు వచ్చేలా ఉంది. ఫీజు కట్టే ముందు క్యాంపస్‌లు, హాస్టళ్లు కళ్లారా చూడాలని మా కోరిక. మేమిద్దరం, పదిహేడేళ్ల అమ్మాయి, పదకొండేళ్ల బాబు. మూడు రోజుల ప్రయాణం. ఆన్‌లైన్‌లో చూస్తే వెయ్యికీ గది ఉంది, ఐదు వేలకీ ఉంది. ఎక్కడ దిగితే మంచిది?
— ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ముందు ఏ క్యాంపస్సో తేల్చుకోండి. ఎస్‌ఆర్‌ఎంకు చెన్నై చుట్టుపక్కలే కాట్టాంకుళత్తూరు, రామాపురం, వడపళని క్యాంపస్‌లు ఉన్నాయి. వీఐటీకి వేలూరులో ఒకటి, చెన్నై శివారు కేళంబాక్కంలో ఇంకొకటి. యాప్‌లో ‘ఎస్‌ఆర్‌ఎం దగ్గర’ అని కొడితే వడపళని హోటళ్లు కూడా వస్తాయి. అక్కడ గది తీసుకుంటే కాట్టాంకుళత్తూరు వెళ్లడానికే గంటకు పైగా పడుతుంది. మీరు చూడాల్సినవి కాట్టాంకుళత్తూరు, వేలూరు అనుకుని చెబుతున్నాం.

మనవాళ్లు అలవాటుగా సెంట్రల్ ఎదురుగా పెరియమేట్‌లోనో, టీనగర్‌లోనో దిగుతారు. మీ పనికి ఆ రెండూ దూరమే. తాంబరంలో దిగండి. చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఖమ్మం మీదుగా నేరుగా తాంబరం వెళ్తుంది, ఊరంతా దాటే ఆటో ఖర్చు మొదటి రోజే మిగిలిపోతుంది. స్టేషన్ చుట్టుపక్కల లాడ్జీలు, మామూలు హోటళ్లు, టిఫిన్ సెంటర్లు ఉంటాయి. అక్కడి నుంచి చెంగల్‌పట్టు వైపు లోకల్ రైలెక్కితే అరగంటలో పోత్తేరి. స్టేషన్ దిగితే ఎదురుగానే ఎస్‌ఆర్‌ఎం. టికెట్ మనిషికి పది రూపాయలు దాటదు. కాలేజీ గేటు పక్కనే గది కావాలని పట్టుబట్టకండి. అక్కడ ఉన్నవే కొద్ది గదులు, జాయినింగ్ రోజుల్లో వాటికి రేటు పెరుగుతుంది, రాత్రి తిండికి కూడా వెతుక్కోవాలి. రైలు మార్గం మీద ఉన్న గదే చవక. ఏ ఊళ్లో కాలేజీ చూడబోయినా ఈ లెక్కతోనే వెతకండి.

వేలూరుకు వెళ్లే రోజు తాంబరం గది ఖాళీ చేసేయండి. లోకల్‌లో పార్క్ స్టేషన్‌లో దిగి రోడ్డు దాటితే సెంట్రల్. అక్కడి నుంచి కాట్పాడి సుమారు 130 కిలోమీటర్లు, ఎక్స్‌ప్రెస్‌లో రెండు గంటల ప్రయాణం. వీఐటీకి దగ్గర స్టేషన్ కాట్పాడే, ఆటోలో వెళ్లొచ్చు. సామాను క్లోక్‌రూమ్‌లో పెట్టాలనుకుంటే ప్రతి సంచికీ తాళం ఉండాలి, లేకపోతే తీసుకోరు. చూడటం అయిపోయాక మళ్లీ చెన్నై రావద్దు. కాట్పాడి నుంచి పాకాల మీదుగా తిరుపతి వెళ్తే అక్కడి నుంచి గూడూరు, విజయవాడ మీదుగా మీ వైపు రైళ్లున్నాయి. ఒక రాత్రి గది అద్దె మిగులుతుంది.

వేలూరు ఊళ్లోనే ఉండాలనుకుంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. సీఎంసీ ఆసుపత్రి చుట్టూ లాడ్జీలు చాలానే ఉన్నా, దూరాల నుంచి వచ్చిన రోగులు, వాళ్ల బంధువులు రోజుల తరబడి ఉంటారు. చాలాచోట్ల వంట చేసుకునే గదులే ఉంటాయి. నలుగురికి ఒక్క రాత్రి కోసం అక్కడ తిరగడం కంటే కాట్పాడి వైపు చూడండి. వీఐటీ అడ్మిషన్ల విభాగానికి మెయిల్ పెట్టి, తల్లిదండ్రులకు క్యాంపస్ గెస్ట్‌హౌస్‌లో గది ఇస్తారేమో కూడా అడగండి.

ఇక రేటు. యాప్‌లో కనిపించే ధర ఇద్దరు పెద్దవాళ్లకి. చాలా హోటళ్లలో మీ అమ్మాయి పెద్దల లెక్కలోకే వస్తుంది. బాబుకు కూడా పరుపు డబ్బులు అడగొచ్చు. వెతికేటప్పుడే ముగ్గురు పెద్దలు, ఒక పిల్లవాడు, వయసు 11 అని పెట్టండి. ఇద్దరని చెప్పి నలుగురు దిగితే కౌంటర్ దగ్గర ఎంత అడిగితే అంత ఇవ్వాల్సి వస్తుంది. ఒక లెక్క చూడండి: 1,800 రూపాయల డబుల్ రూమ్‌కు రెండు అదనపు పరుపులు 500 చొప్పున కలిపితే 2,800, జీఎస్‌టీతో 2,940. అదే నాలుగు పడకల గది 2,500కు దొరికితే జీఎస్‌టీతో 2,625. చూడటానికి ఖరీదుగా కనిపించిన గదే చివరికి చవక. రోజుకు 7,500 దాకా ఉన్న గదులకు 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్‌టీ 5 శాతమే. బిల్లులో ఇంకా 12 శాతం వేస్తే అడగండి.

చెక్అవుట్ పద్ధతి కూడా డబ్బు విషయమే. రాత్రి రైలెక్కి ఉదయం దిగేవాళ్లకు పన్నెండింటి చెక్ఇన్ ఉన్న హోటల్ పనికిరాదు, స్నానాలకు ఆగాలి, లేదా సగం రోజు అద్దె అదనంగా ఇవ్వాలి. ‘24 గంటల చెక్అవుట్’ ఉన్న లాడ్జి వెతకండి. ఉదయం ఎనిమిదికి దిగితే మర్నాడు ఎనిమిది దాకా గది మీదే.

బుక్ చేసే ముందు హోటల్‌కు ఫోన్ చేసి, ‘నలుగురికి, ట్యాక్స్‌తో కలిపి, మొత్తం ఎంత?’ అని అడగండి. వేడినీళ్లు ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా వస్తాయో, లిఫ్ట్ ఉందో లేదో కనుక్కోండి. ఏసీ గదో కాదో కచ్చితంగా చెప్పించుకోండి. కొన్ని లాడ్జీల్లో గది ఒకటే, గోడకు ఏసీ ఉంటుంది, నాన్ఏసీ రేటుకు తీసుకుంటే రిమోట్ ఇవ్వరు. మే నెల చెన్నైలో ఆ రిమోట్ లేకుండా పిల్లలు నిద్రపోలేరు.

తేదీలు మీ చేతిలో ఉంటే పెళ్లి ముహూర్తాలు తప్పించండి. తమిళుల ఆడి నెల, అంటే జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా, అక్కడ పెళ్లిళ్లు ఉండవు, గదులు తేలిగ్గా దొరుకుతాయి. మన ఆషాఢంతో అది పూర్తిగా కలవదు, మన క్యాలెండర్ చూసి లెక్కేయకండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉస్మానియా, సీబీఐటీ, బాచుపల్లి వీఎన్ఆర్ చూడాలి. నేను, నా భార్య, మా అబ్బాయి. అమీర్‌పేట హాస్టల్‌లో రోజు అద్దెకు ఉండొచ్చా? సర్టిఫికెట్ల వెరిఫికేషన్ కూడా అప్పుడే చేయించాలా?
— ఆదిలాబాద్ పాఠకుడు

జవాబు: వెరిఫికేషన్ కోసం హైదరాబాద్ రానక్కర్లేదు. తెలంగాణ ఎప్‌సెట్ హెల్ప్‌లైన్ కేంద్రాలు జిల్లాల్లోనూ ఉంటాయి, స్లాట్ బుక్ చేసేటప్పుడు మీకు దగ్గరది ఎంచుకోండి.

హాస్టళ్లు మగవాళ్లకు, ఆడవాళ్లకు వేరువేరు. ముగ్గురూ ఒకచోట ఉండలేరు. తండ్రీకొడుకులే వస్తే అది ఫర్వాలేదు. మీకు అమీర్‌పేటలోనే ట్రిపుల్ రూమ్ మేలు, ఎందుకంటే రెండు మెట్రో లైన్లు అక్కడ కలుస్తాయి. జేబీఎస్‌లో బస్సు దిగి, పక్కనే పరేడ్ గ్రౌండ్స్‌లో బ్లూ లైన్ ఎక్కితే నేరుగా అమీర్‌పేట. ఉస్మానియాకు అదే లైన్‌లో తార్నాక. బాచుపల్లికి రెడ్ లైన్‌లో మియాపూర్ వైపు వెళ్లి ఆటో లేదా బస్సు. గండిపేట సీబీఐటీకి మెట్రో లేదు, మెహదీపట్నం నుంచి బస్సులో వెళ్లాలి. దానికి ఒక పూట పూర్తిగా కేటాయించండి.

ప్రశ్న: ‘హోటల్‌లో కట్టండి’ పద్ధతిలో బుక్ చేశాం. రాత్రి పదింటికి వెళ్తే గదుల్లేవన్నారు. ఇలా జరిగితే ఏం చేయాలి?
— నెల్లూరు పాఠకురాలు

జవాబు: ముందుగా డబ్బు కట్టని బుకింగ్‌ను కొన్ని హోటళ్లు లెక్కలోకి తీసుకోవు, నేరుగా వచ్చినవాళ్లకు గది ఇచ్చేస్తాయి. రాత్రి చేరేవాళ్లు కొంతైనా ముందు కట్టండి. ముందురోజు ఫోన్ చేసి మీరు వచ్చే టైమ్ చెప్పండి, బుకింగ్ వాట్సాప్‌లో ఖరారు చేయించుకోండి.

అక్కడ కాదన్నప్పుడు చాలామంది కోపంతో ఫోన్ తీసి క్యాన్సిల్ నొక్కేస్తారు. అదొక్కటీ చేయొద్దు. అలా చేస్తే మీరే రద్దు చేసుకున్నట్టు నమోదవుతుంది. కౌంటర్ ముందు నిలబడే యాప్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి, హోటల్ గది నిరాకరించిందని ఫిర్యాదు నమోదు చేయించండి, వేరే గది గానీ డబ్బు గానీ అడగండి. స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

గుర్తింపు కార్డుల వల్లా చిక్కు వస్తుంది. పాన్ కార్డు మీద చిరునామా ఉండదు కాబట్టి ఒప్పుకోరు. ఆధార్ జిరాక్స్ ఇవ్వడం ఇష్టం లేకపోతే చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ సైట్ నుంచి దించుకోండి. కాలేజీ చూడటానికి వచ్చే మీ పిల్లల గుర్తింపు కార్డు కూడా వెంట ఉండాలి.

మ్యాప్‌లో కనిపించిన నంబర్‌కు ఫోన్ చేస్తే అడ్వాన్స్ ఎవరో వ్యక్తి పేరున ఉన్న క్యూఆర్‌కు పంపమంటే పంపకండి. హోటల్ పేర్లతో మోసగాళ్లు నంబర్లు మార్చేస్తుంటారు. హోటల్ సొంత సైట్‌లో ఉన్న నంబర్‌తో సరిచూడండి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే ఆ సొమ్మును ఆపే అవకాశం అంత ఎక్కువ.