మునిగిన ఊరి పిల్లలు మళ్లీ కలిస్తే

ప్రశ్న: ఇంటర్ చదివే పిల్లల కోసం నవల రాస్తున్నాను. ఐదో తరగతి దాకా కలిసి చదువుకున్న అమ్మాయి, అబ్బాయి 1981లో శ్రీశైలం నీళ్లలో ఊరు మునగడంతో చెరో దిక్కయిపోతారు. పదిహేడేళ్ల వయసులో, శివరాత్రినాడు అలంపూర్‌లో జోగులాంబ గుడి మెట్ల మీద కలుస్తారు. చదివినవాళ్లంతా ఊరు మునిగే భాగం బాగుందనీ, ప్రేమ మాత్రం నమ్మబుద్ధి కావడంలేదనీ అంటున్నారు. ఎక్కడ దిద్దుకోవాలి?
- ఒక పాఠకురాలు, గద్వాల

జవాబు: మీరు పంపిన అధ్యాయాలు చదివాను. నీళ్లు రాకముందే దూలాలు, తలుపులు ఊడదీసి బండికెత్తుకోవడం, పసుపు రాసి మొక్కాకే అవ్వ గడపను పెకలించనివ్వడం... అక్కడ ఒక్క అక్షరం కూడా మార్చకండి.

చిక్కంతా అలంపూర్‌లోనే. చూడగానే ఒకరినొకరు గుర్తుపట్టేశారు, ఇద్దరికీ కళ్లు చెమర్చాయి. అలా ఎందుకు జరుగుతుందండీ? ఈ ఏడేళ్లలో అతనికి గొంతు మారింది, మీసం వచ్చింది. ఆ పిల్ల లంగావోణీలో ఉంది. ముందు పెద్దవాళ్లు గుర్తుపట్టనివ్వండి. "నువ్వు ఫలానావాళ్ల పిల్లాడివి కదూ?" అని వాళ్లమ్మ నిలదీస్తుంది. పిల్లలిద్దరూ పక్కచూపులు చూస్తారు. ఒకప్పుడు ఒరే, ఒసే అనుకున్నవాళ్లు ఆ పూటంతా ఏ పిలుపూ లేకుండానే మాట్లాడుకుంటారు.

తర్వాత అరవై పేజీల దాకా పాత కబుర్లే చెప్పించారు. చింతచెట్టు, ఏటి ఈత, పంతులుగారి బెత్తం. వాటితో స్నేహం తిరిగొస్తుంది, నిజమే. ప్రేమ పుట్టాలంటే మాత్రం ఒకరికొకరు తెలియని ఆ ఏడేళ్లు కావాలి. దానికి కావలసింది మీరే ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు: పరిహారం డబ్బు అయిపోయాక అబ్బాయి తండ్రి ఆ దూలాలు, తలుపులు అమ్మేశాడు. అమ్మాయి వాళ్ల కొత్తింటికి పాత తలుపులే ఉన్నాయి. "మీ తలుపులు కూడా పెట్టుకున్నారా?" అని ఆమె మామూలుగా అడుగుతుంది. అతను అబద్ధమాడతాడు. ఇంటికి రానివ్వకుండా సాకులు చెబుతాడు. నిజం చెప్పిన రోజున ఆమె ఏమంటుందో రాయండి. మీ ప్రేమకథ అక్కడ మొదలవుతుంది.

ఆమె వైపు కూడా చూడండి. ఆడపిల్లకు పద్దెనిమిది నిండాలని 1978లోనే చట్టం వచ్చినా, పదిహేడేళ్ల పిల్ల ఉన్న ఇంట్లో సంబంధాల మాట రాకుండా ఉంటుందా? ఆ భయం అతనికి చెప్పాలా వద్దా అన్నది ఆమె కథ. మీ ప్రతిలో ఆమె నవ్వుతూ వినడమే తప్ప ఏమీ చేయడం లేదు. నాకు అన్నిటికన్నా బాధనిపించింది అదే.

కొన్ని వివరాలు. జోగులాంబకు విడిగా గుడి కట్టింది 2005లో. మీ కథాకాలానికి అమ్మవారు బాలబ్రహ్మేశ్వరాలయంలోనే ఉండేది. 1981లో "మండలాఫీసు" అని రాశారు. మండలాలు 1985లో వచ్చాయి, అప్పుడున్నది తాలూకా ఆఫీసు. ఇంకొకటి: మునక నుంచి తప్పించడానికి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాళ్లు విప్పి తెచ్చి అలంపూర్‌లో మళ్లీ కట్టారు. మీ నవలలో దాని ఊసే లేదు. గుడికి దొరికిన చోటు మా ఇంటికి దొరకలేదే అని ఆ అబ్బాయి ఒక్కసారైనా అనుకోడా?

చివర్లో పెళ్లి మాత్రం చేయకండి. వాళ్లకింకా పదిహేడేళ్లే. అతను హైదరాబాద్ బస్సెక్కనీ, ఆమె డిగ్రీలో చేరనీ. మళ్లీ కలుస్తారా లేదా అన్నది చదివే పిల్లలే తేల్చుకుంటారు.