పాల శాంపిళ్లు కలుషితమవుతుంటే ముందు చూడాల్సింది చన్ను కొన

పొదుగువాపు మీద పీజీ థీసిస్ చేస్తున్నారు, తెచ్చిన పాలు వేసిన కల్చర్ ప్లేట్లు చాలా కలుషితమవుతున్నాయి, మీడియా (ప్లేటులో బ్యాక్టీరియా పెరిగేందుకు పోసే పోషక పదార్థం) మార్చాలా అని కదా అడిగారు. పాలు వేయని ప్లేటొకటి రాత్రంతా ఇంక్యుబేటర్లో ఉంచండి. దాని మీద ఏమీ పెరగకపోతే తప్పు మీడియాది కాదు, దాన్ని మార్చక్కర్లేదు. నేను చూసినంతలో తేడా ఎక్కువగా పశువు దగ్గరే వస్తుంది. ఒక ప్లేటు మీద మూడు, అంతకంటే ఎక్కువ రకాల కాలనీలు (బ్యాక్టీరియా పెరిగిన చుక్కలు) వస్తే అది కలుషితమే. అందులోంచి నచ్చిన కాలనీని ఏరి ఫలితంగా రాయకండి.

పొదుగంతా కడిగి తడి మీదే పాలు పట్టడం అన్నిటికన్నా చేటు. మురికినీళ్లన్నీ జారి చన్ను కొనకే చేరతాయి. పొడిగా దులిపి, మొదటి మూడు నాలుగు ధారలు వదిలేయండి. చన్నులను డిప్‌లో (క్రిములను చంపే ద్రావణంలో) ముంచి 30 సెకన్లు ఆగి, ఒక్కోదాన్ని వేరే టిష్యూతో తుడవండి. ఆ తర్వాత 70 శాతం ఆల్కహాల్ దూదితో సరిగ్గా రంధ్రం మీద, దూదికి ఇక మురికి అంటకుండా వచ్చేవరకూ రుద్దాలి. ఆల్కహాల్ ఆరాకే శాంపిల్ ట్యూబు మూత తీయండి.

వరస కూడా ముఖ్యమే. రుద్దేటప్పుడు అవతలి చన్నులు ముందు, పాలు పట్టేటప్పుడు ఇవతలివి ముందు. తిరగేస్తే శుభ్రం చేసిన చన్నుకు మీ చెయ్యి రాసుకుంటుంది. ట్యూబును నిలువుగా కాక బాగా వాల్చి పట్టండి, పైనుంచి రాలే పొట్టూ వెంట్రుకలూ లోపల పడవు. మూతను నేల మీద పెట్టొద్దు, లోపలి వైపు కిందికి ఉండేలా వేళ్ల మధ్యే ఉంచుకోండి. 3 నుంచి 5 మి.లీ. చాలు.

వెంటనే ఐసులో పెట్టండి. 4 డిగ్రీల దగ్గర ఉంచి 24 గంటల్లోపు ప్లేటింగ్ (పాలను ప్లేటు మీద వేయడం) చేయలేకపోతే మైనస్ 20లో గడ్డకట్టించాలి. అయితే గడ్డకడితే పొదుగువాపు బ్యాక్టీరియాల్లో ఈ.కోలై కొంత చచ్చిపోతుంది, స్టెఫైలోకాకస్ ఆరియస్ మాత్రం బాగానే తట్టుకుంటుంది. అందుకే కొన్ని తాజాగా, కొన్ని గడ్డకట్టించి చేసి రెంటినీ ఒకే పట్టికలో కలపకండి. పైగా ఆరియస్ పాలలోకి రోజూ ఒకేలా రాదు. ఒక్కసారి నెగటివ్ వచ్చినంత మాత్రాన ఆ పశువుకు లేదని రాయలేం, మళ్లీ శాంపిల్ తీయాల్సిందే.

అడగకపోయినా ఇంకొకటి: ఒకే ఆవు నాలుగు చన్నుల్ని నాలుగు విడి శాంపిళ్లుగా లెక్కిస్తే పి విలువలు (ఫలితం కాకతాళీయమో కాదో తేల్చే అంకెలు) ఉన్నదానికన్నా మెరుగ్గా కనిపిస్తాయి, ఎందుకంటే ఒకే ఆవు చన్నులు ఒకదానికొకటి సంబంధం లేనివి కావు. గణాంక మోడల్‌లో ఆవును ర్యాండమ్ ఎఫెక్ట్‌గా (ఒకే ఆవు శాంపిళ్లను ఒక గుంపుగా చూసే అంశంగా) పెట్టండి. పరీక్షకులు ఇక్కడ తప్పకుండా ఆపుతారు. శాంపిల్ సైజు లెక్కలోనూ ఇది ముందే చేరాలి, పాలన్నీ పట్టేశాక సరిదిద్దడం కష్టం.