తాత బోర్డులు రాశారు, మనవడు కామిక్ టైటిళ్లు గీస్తానంటున్నాడు

ప్రశ్న: మాది ఖమ్మం దగ్గర ఒక ఊరు. మా నాన్నగారు ముప్పై ఏళ్లు షాపుల బోర్డులు, గోడల మీద ప్రకటనలు రాశారు. ఫ్లెక్సీలు వచ్చాక పని పోయి కుంచె పక్కన పెట్టేశారు. నేను ఆ పనిలోకి వెళ్లలేదు, మొబైల్ షాపు పెట్టుకున్నాను. ఇప్పుడు మా అబ్బాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. నోట్సుల నిండా కామిక్ పుస్తకాల పేర్లే గీస్తుంటాడు. అమెరికాలో వీటిని చేత్తో గీసేవాళ్లు ఉన్నారట, తనకీ అదే కెరీర్ అంటాడు. ఒకసారి మునిగిన పడవే మళ్లీ ఎక్కుతానంటుంటే ఏం చెప్పాలి సర్? పైగా ఇప్పుడు ఏఐ కూడా వచ్చె. (ఒక తండ్రి)

జవాబు:

ముందు చేదు మాట చెప్పేస్తానండీ. కామిక్ పుస్తకాలకి టైటిల్ లోగోలు మాత్రమే గీసి ఇల్లు నడుపుకోవడం అమెరికాలో కూడా కష్టమే. ఎప్పుడూ అంతే. ఒక కామిక్ పేరుకి లోగో ఒకసారి గీస్తే ఏళ్ల తరబడి అదే నడుస్తుంది. నెల నెలా మారేది లోపలి కథ, అట్ట మీద బొమ్మ. అలాంటప్పుడు లోగోల పని నెల నెలా ఎక్కడి నుంచి వస్తుంది?

మరి మీవాడు చెప్పే ఆ పెద్దవాళ్లు ఎలా బతికారు? ఐరా ష్నాప్ అని ఒకాయన న్యూయార్క్‌లో డీసీ కామిక్స్‌కి 1940 ప్రాంతం నుంచి 1960ల చివరి దాకా పనిచేశాడు. సూపర్‌మ్యాన్ పేరుని మొదట్లో బొమ్మలు వేసిన జో షుస్టరే గీశాడు. ఆ ఒంపు తిరిగిన మందపాటి అక్షరాలని 1940లో సాపుచేసి, అందరికీ గుర్తుండిపోయిన రూపం ఇచ్చింది ష్నాప్. దశాబ్దాల పాటు ఆ పుస్తకం అదే పేరుతో, అదే రూపంతో అమ్ముడుపోయింది. అయితే ఆయనకి జీతం వచ్చింది ఆ ఒక్క లోగోకి కాదు కదా! కథల్లో బొమ్మల పక్కన వచ్చే మాటలని చేత్తో అక్షరాలుగా రాశాడు, కంపెనీ తన పుస్తకాల గురించి వేసుకునే ప్రకటనలు రాశాడు, ఆ రోజుల్లో అమెరికా కామిక్స్ అట్టల మీద కనిపించే, సెన్సార్ అయిందని చెప్పే కామిక్స్ కోడ్ ముద్ర కూడా ఆయన గీసిందే. గాస్పర్ సలాడినో కూడా అంతే. 1972లో వచ్చిన స్వాంప్ థింగ్ అనే కామిక్ లోగో, బురద కారుతున్నట్టుండే ఆ అక్షరాలు ఆయనవి. కానీ ఆయన రోజువారీ పని పేజీల్లో మాటలు రాయడం. టాడ్ క్లైన్ 1977లో డీసీ ప్రొడక్షన్ విభాగంలో చేరి, ఇతరుల పేజీల్లో తప్పులు దిద్దుతూ మొదలుపెట్టాడు. తర్వాత లెటరింగ్‌కి, అంటే ఈ అక్షరాల పనికి, ఇచ్చే ఐస్నర్ అనే పెద్ద కామిక్స్ అవార్డు పదిసార్లకు పైగా అందుకున్నాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, వీళ్లందరి వృత్తి అక్షరం రాయడం. లోగో అందులో పండగ భోజనం లాంటిది, రోజూ దొరకదు. మీ అబ్బాయి "కామిక్ లోగో డిజైనర్ అవుతా" అంటే నేను కూడా మీలాగే కంగారుపడతాను. "అక్షరాల పని నేర్చుకుంటా" అంటే మాత్రం కూర్చోబెట్టి వివరంగా మాట్లాడతాను. ఎందుకంటే ఆ పని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు: సినిమా పబ్లిసిటీ డిజైనర్లు, ఓటీటీ సిరీస్‌లు, గేమ్ కంపెనీలు, పుస్తకాల అట్టలు, పచ్చళ్ల సీసాల లేబుళ్లు, ఫాంట్లు తయారుచేసేవాళ్లు. మన దగ్గర ప్రతి సినిమాకీ టైటిల్ అక్షరాలు ప్రత్యేకంగా గీయించుకోవడం పాత అలవాటే. బాపుగారి అక్షరాలు పుస్తకాల అట్టల మీదా సినిమా టైటిళ్లలోనూ చూసి చూసి, ఆఖరికి ఆయన చేతిరాతనే ఫాంటుగా చేసుకున్నాం.

ఇక కామిక్ లోగో పని ఎలా జరుగుతుందో చెబుతాను. మీవాడు గీస్తున్నది ఆట దగ్గర ఆగిందో పనిలోకి వచ్చిందో మీకే తెలుస్తుంది.

ప్రచురణకర్త పేరు పంపుతాడు, కథ సంగతి రెండు ముక్కల్లో చెబుతాడు, అట్ట బొమ్మ ఉంటే అదీ పంపుతాడు. ముందు అగ్గిపెట్టె సైజులో చిన్న చిన్న పెన్సిల్ గీతలు, పది ఇరవై వేసుకోవాలి. అందులోంచి రెండు మూడు పెద్దవి చేసి పంపాలి. ఒకటి ఖాయమయ్యాక ట్రేసింగ్ పేపర్ పైన పేపర్ వేసుకుంటూ దిద్దుకోవాలి. ప్రతి పొరలో ఒక్క తప్పే సరిదిద్దితే చాలు. ఆ తర్వాత ఇంకు, స్కానింగ్, కంప్యూటర్‌లో వెక్టర్‌గా మార్చడం. వెక్టర్ అంటే ఎంత పెద్దది చేసినా అంచులు చెదరని ఫైలు. ఇప్పుడు చేత్తో గీసేవాళ్లు కూడా ఈ చివరి మెట్టు తప్పించుకోలేరు. కాబట్టి "నాకు కంప్యూటర్ వద్దు, చెయ్యే ముఖ్యం" అని మీవాడు పంతం పట్టి ఉంటే ఆ ఒక్క విషయంలో గట్టిగా చెప్పండి.

కామిక్ లోగో అట్ట పై భాగంలోనే ఎందుకుంటుందో ఒకసారి అడిగి చూడండి. అమెరికాలో పేపర్ల దుకాణాల స్టాండుల్లో పుస్తకాలు ఒకదాని వెనక ఒకటి నిలబెట్టేవాళ్లు. పై అంచు మాత్రమే కనపడేది. కొనేవాడి చెయ్యి ఆ అంచుని చూసే కదలాలి. ఇప్పుడు ఆ స్టాండు పోయి ఫోన్ తెర వచ్చింది. గోరంత బొమ్మలో కూడా పేరు చదవగలగాలి. అందుకే లోగోని ముందు నలుపు తెలుపులో చూస్తారు. రంగు తీసేస్తే నిలబడని లోగో రంగు వేసినా నిలబడదు. హీరో తల అక్షరాల మీదికి వస్తే ఏ అక్షరం కొంచెం మూసుకుపోయినా పేరు తెలిసిపోవాలి, అది కూడా ముందే ఆలోచించుకోవాలి.

వీటిలో సగం మీ నాన్నగారికి తెలుసు. సుద్ద దారం లాగి గీత కొట్టడం, బస్సులో పోయేవాడికి కనపడాలంటే అక్షరం ఎంత మందం ఉండాలో అంచనా వేయడం, స్కేలుతో కాకుండా కంటితో ఖాళీలు సర్దడం. గుండ్రటి అక్షరాన్ని గీత మీద ఆపేస్తే పొట్టిగా కనపడుతుంది, వెంట్రుకవాసి కిందికి దించాలి అని బోర్డులు రాసేవాళ్లకి ఎవరూ క్లాసు చెప్పలేదు. ఇదే సూత్రాన్ని డిజైన్ కాలేజీల్లో టైపోగ్రఫీ, అంటే అక్షరాల రూపకల్పన, పాఠంగా చెబుతారు. మీ ఇంట్లో ఉన్న ఈ మాస్టారుని వదిలేసి అబ్బాయి యూట్యూబ్‌లో వెతుక్కుంటున్నాడంటే నాకు కొంచెం బాధగానే ఉంది.

నా దగ్గరికి వచ్చే పిల్లల ఫైళ్లలో ఎక్కువగా కనిపించేది బ్యాట్‌మ్యాన్, స్పైడర్‌మ్యాన్ పేర్లని ఇంగ్లిష్‌లో అచ్చు దించినవే. చెయ్యి తిరగడానికి అవి మంచివే, కానీ వాటిని చూసి పని ఇచ్చేవాళ్లు ఉండరు. మీవాడిని ఒక పని చేయమనండి: "స్పైడర్‌మ్యాన్" అని తెలుగులో గీయమనండి. అప్పుడు మొదలవుతుంది అసలు పరీక్ష. మొదటి అక్షరానికే సకారం, కింద పవత్తు, మళ్లీ ఐత్వం. ఇంగ్లిష్ పెద్ద అక్షరాలు గోడలో ఇటుకల్లా ఒకే ఎత్తులో కూర్చుంటాయి. మన అక్షరానికి పైన గుడి, తలకట్టు, కింద ఒత్తు. వరస ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో మనమే తేల్చుకోవాలి. అమెరికా పద్ధతిలో అక్షరాలకి వెనక మందం పెంచి వంపు తిప్పితే, ఒత్తులన్నీ వెళ్లి బొమ్మ మొహం మీద పడతాయి. గీత లావు చేసేకొద్దీ "ప" వెళ్లి "వ" అయిపోతుంది, పులి కాస్తా వులి అవుతుంది. బ, భ, ఖ లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. ఈ చిక్కులు విప్పిన పది టైటిళ్లు ఫైల్లో ఉంటే, నా మటుకు అవి వంద బ్యాట్‌మ్యాన్ కాపీల కంటే ఎక్కువ.

ఏఐ సంగతి. బొమ్మలు చేసే ఏఐలు తెలుగు ఒత్తుల దగ్గర తడబడుతూ వచ్చాయి. కానీ ఆ ధైర్యంతో కెరీర్ కట్టుకోవద్దు, రేపో మాపో సర్దుకుంటాయి. చౌక లోగోల పని పోతుంది, ఫ్లెక్సీకి పోయినట్టే. మీ నాన్నగారి రోజుల్లోకి ఒకసారి వెళ్లి చూడండి: ఫ్లెక్సీ మింగేసింది బోర్డులు రాసే పనిని. ఆ ఫ్లెక్సీ మీద అక్షరాలు ఎవరో ఒకరు తయారుచేయాల్సిందే కదా. ఆ పని డీటీపీ కుర్రాళ్లకి, ఫాంట్లు చేసినవాళ్లకి వెళ్లింది. అమెరికా కామిక్స్‌లోనూ ఇదే జరిగింది. 1992లో కామిక్రాఫ్ట్ అనే స్టూడియో మొదలై, కంప్యూటర్ ఫాంట్లతో లెటరింగ్ చేస్తూ, ఆ ఫాంట్లనే అమ్మింది. టాడ్ క్లైన్ కూడా కంప్యూటర్ నేర్చుకున్నాడు. ఇంకో మాట, మనిషి చెయ్యి లేకుండా పూర్తిగా ఏఐ చేసిన బొమ్మని అమెరికా కాపీరైట్ ఆఫీసు నమోదు చేసుకోదు. సొంత హక్కులు కావాలనుకునే ప్రచురణకర్తలు దీన్ని లెక్కలోకి తీసుకుంటారు.

చదువు గురించి క్లుప్తంగా. ఎంపీసీ అడ్డం కాదు, పూర్తి చేయనివ్వండి. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూ (ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ)లో నాలుగేళ్ల బీఎఫ్ఏ అనే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ ఉంది, అందులో అప్లైడ్ ఆర్ట్ తీసుకోవాలి. పెయింటింగ్ కాదు, ఇక్కడ పిల్లలు పొరబడుతుంటారు. ప్రవేశ పరీక్ష ఫాడీ. బీడిజైన్‌కి ఐఐటీ హైదరాబాద్ ఉంది, దానికి యూసీడ్ రాయాలి. వరసగా రెండేళ్లే రాయనిస్తారు, కాబట్టి ఊరికే ట్రయల్ వేద్దాం అనుకోవద్దు. ఎన్ఐడీలకి (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) వేరే పరీక్ష, డాట్. యూసీడ్, డాట్ దరఖాస్తులు ఏటా దాదాపు దసరా రోజుల్లో మొదలవుతాయి, జేఈఈ హడావిడిలో చాలామంది ఆ తేదీలు మర్చిపోతారు. ఏ కాలేజీలోనూ కామిక్ లోగో అనే సబ్జెక్టు ఉంటుందని ఆశపడకండి. టైపోగ్రఫీ, విజువల్ కమ్యూనికేషన్ నేర్పుతారు, మిగతాది వాడి చేతిలో పని. సీటు రాకపోతే డబ్బు పోసి ఏ ప్రైవేటు యానిమేషన్ కోర్సులోనో చేర్చేముందు, అక్కడ గత సంవత్సరం చదివిన ఇద్దరు ముగ్గురు పిల్లల పని చూపించమని అడగండి. చూపించకపోతే లేచి వచ్చేయండి.

డబ్బు విషయానికొస్తే, లోగోకి ఒక్కసారే ఇస్తారు, పుస్తకం ఎంత అమ్ముడైనా మామూలుగా రాయల్టీ ఉండదు. అందుకే కాగితం ముఖ్యం. చిన్నప్పుడు నేను ఒక పత్రికకి శీర్షిక అక్షరాలు గీసిచ్చాను. నోటిమాట మీద ఇచ్చాను. వాళ్లు వాటిని క్యాలెండర్ల మీదా సంచుల మీదా వాడుకున్నారు, నాకు ఒక టీ పోశారు. మన కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులు రాసివ్వడం అనేది లిఖితపూర్వకంగా ఉండాలి. ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్లకే ఇచ్చినట్టు లెక్క, ఏ ప్రాంతానికో రాయకపోతే ఇండియా వరకే. ఈ రెండు మాటలు మీవాడికి ఇప్పుడే చెప్పి ఉంచండి. విదేశాల్లో సొంతంగా కామిక్స్ వేసుకునే చిన్న రచయితలు ఇంటర్నెట్‌లో పని ఇస్తుంటారు. అక్కడ ముందు సగం డబ్బు, స్కెచ్‌లు నచ్చాక మిగతా సగం, ఆ తర్వాతే అసలు ఫైలు.

ఒక ఏడాది గడువు పెట్టుకోండి. ఇంటర్ పరీక్షలు అయ్యాక రోజుకి రెండు గంటలు అక్షరాలు, అందులో వారానికి ఒక రోజు తాతగారి దగ్గర, కుంచెతో. ఏడాది చివర పది తెలుగు టైటిళ్లు, ఐదు ఇంగ్లిష్, ప్రతిదానికీ మొదటి చిన్న స్కెచ్‌ల నుంచి ఆఖరి ఫైలు దాకా అన్ని దశలూ ఫైల్లో ఉండాలి. ఆ ఫైలు తీసుకుని ఇద్దరూ నా దగ్గరికి రండి. అప్పుడు మాట్లాడదాం ఎంత దూరం వెళ్లగలడో.

ఈలోగా ఇంకో చిన్న పని. మీ ఊళ్లో, చుట్టుపక్కల, తాతగారు రాసిన బోర్డులు ఇంకా చెరగనివి ఏమైనా ఉంటే మీవాడితో ఫోటోలు తీయించండి. పాత కిరాణా కొట్ల షట్టర్లు, రైస్ మిల్లు గోడలు చూడండి, అక్కడ దొరుకుతుంటాయి. ఎన్నికలొస్తే వాటి మీద సున్నం కొట్టేస్తారు.