సింగరేణిని పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది

గ్రూప్స్‌కి చదువుతూ ప్రజాస్వామ్య సోషలిజం, సోషల్ డెమోక్రసీ రెండూ ఒకటేనా అని అడిగావు కదా తమ్ముడూ. కాదు. ఓట్లతోనే అధికారంలోకి రావాలన్నది రెండింటికీ ఉమ్మడి. తేడా వచ్చేది యాజమాన్యం దగ్గర.

మన సింగరేణినే చూడు: 51 శాతం వాటా రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. పెద్ద పరిశ్రమలు ఇలా జనం సొత్తుగా ఉండాలి, పైగా కార్మికుల అజమాయిషీలో నడవాలి అంటుంది మొదటిది. (సింగరేణిలో ఆ అజమాయిషీ ఎక్కడుందంటావా, అది వేరే గొడవ.) రెండోది కంపెనీలను చాలావరకు ప్రైవేటుకే వదిలేసి, గట్టిగా పన్నులు వేసి, చదువు, వైద్యం, పింఛను అందరికీ అందిస్తుంది. స్వీడన్ అలాంటిదే.

జర్మనీలో సోషల్ డెమోక్రాట్ల పార్టీ ఎస్‌పీడీ 1959లో గోడెస్‌బర్గ్ కార్యక్రమం అనే తన విధాన పత్రంతో మార్కెట్‌ను ఒప్పుకుంది, కానీ ప్రజాస్వామ్య సోషలిజం అన్న మాట మాత్రం వదల్లేదు. అసలు తికమకంతా ఇలాంటి వాళ్లతోనే. ప్రశ్నలో పేరు చూసి టెన్షన్ పడకు, యజమాని ఎవరో చూడు.