జపాన్ మంచుకొండల మీద లిఫ్టులు, క్యూలు, పనివాళ్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

డిసెంబరు ఆఖరి వారంలో పిల్లలతో టోక్యో వెళ్తున్నాం. ఒక్కరోజు మంచు చూపించి తీసుకొద్దామని గాలా యుజావా స్కీ కేంద్రం అనుకున్నాం. క్యూలు భరించలేమని కొందరు భయపెడుతున్నారు. నిజమేనా?
– ఒక గృహిణి, హైదరాబాద్

నిజమే. మీరు ఎంచుకున్న వారం అలాంటిది. జపాన్‌లో డిసెంబరు 29 నుంచి జనవరి 3 దాకా కొత్త సంవత్సరం సెలవులు, అంటే మనకు సంక్రాంతికి ఊళ్లన్నీ కదిలినట్టే. ఆ తర్వాత జనవరి రెండో సోమవారంతో కలిసే మూడు రోజుల సెలవు, ఫిబ్రవరి 11 చుట్టుపక్కల రోజులు, చైనా కొత్త సంవత్సరం వారం కూడా రద్దీగా ఉంటాయి. తేదీలు మార్చుకునే వీలుంటే జనవరి మూడో వారంలో మంగళ, బుధవారాలు చూడండి.

గాలాకు ఇంకో ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. అక్కడి షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) స్టేషనే స్కీ కేంద్రం భవనం కూడా. టోక్యో నుంచి గంటా ఇరవై నిమిషాల లోపే రైలు మిమ్మల్ని నేరుగా ఆ భవనంలో దించుతుంది. సౌకర్యమూ అదే, తలనొప్పీ అదే. రైలులోని జనమంతా ఒకేసారి దిగి, ఒకే హాల్లో బూట్లు, బట్టలు అద్దెకు తీసుకుని, ఒకే గొండోలా (తాడు మీద కొండెక్కే క్యాబిన్లు) ఎక్కాలి. స్టేషన్ దగ్గర స్కీ చేసే వాలు లేదు, అసలు మైదానం పైనే ఉంది. కాబట్టి ఉదయం అందరికీ పైకి అదే దారి. కింది దాకా స్కీ మీద రావడానికి 2.5 కిలోమీటర్ల ‘ఫాల్కన్’ కోర్సు ఉంది గానీ, అది కింది ఎత్తులో మంచు బాగా పేరుకున్నాకే తెరుస్తారు. డిసెంబరులో దాని మీద ఆశ పెట్టుకోవద్దు. అది మూసి ఉన్న రోజున సాయంత్రం కూడా అందరూ గొండోలాలోనే దిగాలి. ఉదయం క్యూ గురించి అందరూ చెప్తారు, సాయంత్రం క్యూ గురించి ఎవరూ చెప్పరు. మధ్యాహ్నం రెండున్నరకల్లా కిందికి బయల్దేరితే బాధ తప్పుతుంది.

టికెట్, అద్దె సామాను రెండూ ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోండి. పొద్దున్నే తొలి రైళ్లలో ఒకటి పట్టుకోండి. పిల్లలు స్కీ చేయకుండా మంచులో ఆడుకుని, స్లెడ్జి మీద జారితే చాలనుకుంటే పూర్తి లిఫ్టు టికెట్ అక్కర్లేదు. స్కీ చేయనివాళ్లకు విడిగా టికెట్ ఉంటుంది. గాలా స్టేషన్‌కు చలికాలంలో మాత్రమే రైళ్లు వెళ్తాయి. తిరుగు రైల్లో సీటు దొరక్కపోతే పక్కనే ఉన్న ఎచిగో యుజావా స్టేషన్‌కు బస్సులో వెళ్లండి, అక్కడ ఆగే రైళ్లు ఎక్కువ.

స్కీ కొండల మీద తాడుకు వేలాడే కుర్చీల్లో మనుషుల్ని పైకి చేర్చే నాలుగు సీట్ల లిఫ్టు గంటకు 2,400 మందిని తీసుకెళ్తుందని చదివాను. మరి క్యూలో వెయ్యి మంది ఉంటే 25 నిమిషాల్లో అయిపోవాలి కదా! ఎందుకు అవ్వదు?
– ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ

మీ లెక్క కాగితం మీద కరెక్టే. ఆ 2,400 ఎలా వచ్చిందో ముందు చూద్దాం. హైస్పీడ్ లిఫ్టులో తాడు సెకనుకు 5 మీటర్లు కదులుతుంది. కుర్చీకీ కుర్చీకీ మధ్య 30 మీటర్ల ఎడం ఉంటే, ప్రతి 6 సెకన్లకు ఒక కుర్చీ వస్తుంది. గంటకు 600 కుర్చీలు, కుర్చీకి నలుగురు.

సెకనుకు 5 మీటర్ల వేగంతో వచ్చే కుర్చీలో ఎవరూ కూర్చోలేరు. అందుకని స్టేషన్‌లోకి రాగానే కుర్చీని తాడుకు పట్టి ఉంచే క్లిప్పు తెరుచుకుంటుంది. తాడు తన వేగంతో తాను పోతూనే ఉంటుంది, కుర్చీ మాత్రం పట్టాల మీదికి మారుతుంది. వరసగా అమర్చిన రబ్బరు టైర్లు దాన్ని నడక వేగానికి తగ్గిస్తాయి. మనుషులు కూర్చున్నాక వేరే టైర్లు మళ్లీ 5 మీటర్లకు వేగం పెంచుతాయి, క్లిప్పు తాడును పట్టుకుంటుంది. పాత రెండు సీట్ల లిఫ్టుల్లో ఈ ఏర్పాటు లేదు. క్లిప్పు ఎప్పుడూ బిగించే ఉంటుంది, కాబట్టి మనిషి ఎక్కగలిగేంత నెమ్మదిగా, సెకనుకు 2 మీటర్ల చుట్టుపక్కల, మొత్తం తాడే నడవాలి. వాటి కాగితం లెక్క గంటకు 1,200.

ఇక లెక్క చెడేది మూడు చోట్ల.

అన్నిటికంటే పెద్ద నష్టం ఖాళీ సీట్లు. జపాన్‌లో ముక్కూమొహం తెలియనివాళ్ల పక్కన కూర్చోవడానికి మొహమాటం ఎక్కువ. ఒక జంట వచ్చిందంటే నాలుగు సీట్ల కుర్చీలో ఇద్దరే పోతారు. వెనకున్న ఒంటరి మనిషి తర్వాతి కుర్చీ కోసం ఆగుతాడు. కుర్చీకి సగటున రెండున్నర మంది చొప్పున ఎక్కితే 2,400 కాస్తా 1,500 అవుతుంది. దీనికి మందు ఖర్చు లేనిదే: ఒంటరిగా వచ్చినవాళ్లకు వేరే వరస, క్యూ ముందు నిలబడి ‘ఇద్దరు, ఇంకో ఇద్దరు రండి’ అని పిలిచి కలిపే మనిషి. ఆ ఒక్క మనిషి సగటును మూడుకు తెస్తే గంటకు 300 మంది ఎక్కువగా పైకి పోతారు. కోట్లు పెట్టి కొత్త లిఫ్టు కట్టే ముందు ఈ పని ఎందుకు చేయరో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

రెండోది లిఫ్టు మధ్యమధ్యలో ఆగిపోవడం. కొత్తవాళ్లు దిగేచోట పడతారు, బ్యాగు పట్టీ కుర్చీకి తగులుకుంటుంది, పిల్లాడు సమయానికి కూర్చోలేకపోతాడు. ఆపరేటర్ ముందు వేగం తగ్గించే మీట నొక్కుతాడు, అప్పటికీ కుదరకపోతే ఆపేస్తాడు. గంటలో ఆరుసార్లు, నిమిషం చొప్పున ఆగితే పదో వంతు పోయింది. 1,500 కాస్తా 1,350.

మూడోది గాలి. వేగం 5 నుంచి 3 మీటర్లకు తగ్గిస్తే కాగితం మీది 2,400 కూడా 1,440కి పడిపోతుంది. దాని మీద ఖాళీ సీట్లు, మధ్యలో ఆగిపోవడం కలపండి. మీరడిగిన వెయ్యి మంది క్యూ అలాంటి రోజున గంట దాటినా తేలదు.

ఇంకో మాట. లిఫ్టు సామర్థ్యం పెంచితే క్యూ మాయమైపోదు, చోటు మారుతుంది. పైకి చేరిన జనం పై లిఫ్టు దగ్గరో, కిందికొచ్చే ఇరుకు దారిలోనో పోగవుతారు.

హొక్కైదో దీవిలోని నిసెకో స్కీ కొండ దగ్గర రెండు రోజులున్నాం. మంచు పడటం లేదు, ఎండ కూడా ఉంది, అయినా పైన లిఫ్టులు తెరవలేదు. టికెట్ డబ్బు తిరిగివ్వలేదు. ఇదేం పద్ధతి?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, టోక్యో

ఎండ ఉందంటే గాలి లేదని కాదు. నిసెకో అన్నుపురి శిఖరం ఎత్తు 1,308 మీటర్లే, కానీ జపాన్ సముద్రం మీది నుంచి వచ్చే గాలికి అడ్డుగా ఏమీ లేదు. చెట్ల వరస దాటిన పై లిఫ్టులకే దెబ్బ ఎక్కువ.

జపాన్‌లో స్కీ లిఫ్టు రైల్వే వ్యాపార చట్టం కిందికి వస్తుంది. అక్కడ దాన్ని ఆటవస్తువుగా చూడరు, ప్రయాణికుల రవాణాగా చూస్తారు. ప్రతి సంస్థా అర్హత ఉన్న సాంకేతిక బాధ్యుణ్ని నియమించాలి, నడిపే నిబంధనలు రాసిపెట్టుకోవాలి. స్తంభాల మీద గాలి వేగం కొలిచే పరికరాలుంటాయి. ఎంత గాలికి నెమ్మదించాలి, ఎంతకు ఆపాలి అన్నది లిఫ్టును బట్టి ఉంటుంది. చాలా చోట్ల సెకనుకు 15 మీటర్ల చుట్టుపక్కల ఆపుతారు. పక్కగాలి అయితే అంతకంటే ముందే ఆపాల్సి రావచ్చు.

ఎందుకంటే, గాలికి ఊగే కుర్చీ స్తంభాన్ని కొట్టవచ్చు, తాడు చక్రాల మీది నుంచి పక్కకు జారవచ్చు. మనుషులున్న కుర్చీ కంటే ఖాళీ కుర్చీ తేలిక కాబట్టి ఎక్కువ ఊగుతుంది. తాడు జారిందని పసిగట్టడానికి చక్రాల పక్కన పెళుసైన కడ్డీ ఒకటి ఉంటుంది. తాడు తగలగానే అది విరిగి, విద్యుత్ వలయం తెగి, లిఫ్టు దానంతట అదే ఆగుతుంది. ఆగడం క్షణంలో పని. తాడును మళ్లీ చక్రాల మీదికి ఎక్కించి, అంతా తనిఖీ చేసి నడపడం మాత్రం గంటల పని. అప్పటిదాకా జనం గాల్లో వేలాడాలి, లేదా తాళ్లతో ఒక్కొక్కర్నీ దించాలి. అందుకే ముందే మూస్తారు.

గాలి తగ్గగానే తెరవలేకపోవడానికి కారణం వేరు. రాత్రంతా బయట వేలాడిన కుర్చీల మీద, చక్రాల మీద మంచు గడ్డకట్టి ఉంటుంది. హైస్పీడ్ లిఫ్టుల్లో చాలావాటి కుర్చీలను రాత్రి షెడ్డులోకి తెచ్చి నిలబెడతారు. పాతవాటికి ఆ వీలు లేదు. సిబ్బంది చీపురుతో ఒక్కో కుర్చీ దులపాలి, స్తంభం ఎక్కి చక్రాల మధ్య గడ్డను కొట్టి వదిలించాలి. నిసెకోలో సీజన్ మొత్తానికి 14, 15 మీటర్ల మంచు పడుతుంది. ఎక్కేచోట నేల మట్టం పెరిగిపోతే కుర్చీ మోకాళ్ల కిందికి వస్తుంది, కాబట్టి అక్కడ రోజూ తవ్వాలి. కుర్చీలు వెళ్లే దారి కింద కూడా తవ్వాలి.

గాలి తట్టుకునే యంత్రాలు లేకపోలేదు. జావో శిఖరానికి వెళ్లే రోప్‌వే, తనిగావాదాకే రోప్‌వే ‘ఫ్యూనిటెల్’ రకం. దూరదూరంగా ఉన్న రెండు తాళ్ల మధ్య క్యాబిన్ వేలాడుతుంది కాబట్టి తక్కువ ఊగుతుంది. ఖర్చు మాత్రం చాలా ఎక్కువ.

గేట్ల సంగతి దీనికి సంబంధం లేనిది, చాలామంది రెండూ కలిపేస్తారు. లిఫ్టు నడుస్తున్నా, మంచు చరియలు విరిగిపడే ప్రమాదం ఉంటే స్కీ కేంద్రం హద్దు బయటి వాలులకు వెళ్లే గేట్లు తెరవరు. ‘నిసెకో రూల్స్’ ప్రకారం గేటులోంచే బయటికి పోవాలి, హద్దుగా కట్టిన తాడు కింది నుంచి దూరితే పాస్ లాక్కుంటారు.

ఇక డబ్బు. కొన్ని లిఫ్టులు మూస్తే తిరిగివ్వబోమని టికెట్ షరతుల్లోనే ఉంటుంది. నిసెకో నాలుగు కేంద్రాల ఉమ్మడి రోజు టికెట్ ఇప్పుడు 10,000 యెన్ దాటింది. గాలి ఉన్న రోజున అది కొనకుండా, ఒక్క కేంద్రానికే పనికొచ్చే టికెట్ తీసుకోండి. ఉదయం వాళ్ల సైట్‌లో లిఫ్టుల పరిస్థితి చూసి కొనాలి, ముందురోజు రాత్రి కాదు.

హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతున్నాను. నిసెకోలో లిఫ్టు ఆపరేటర్ ఉద్యోగం ఇప్పిస్తామని, విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చని ఒక ఏజెంట్ అంటున్నాడు. వెళ్లమంటారా?
– విద్యార్థి, విశాఖపట్నం

వద్దు బాబూ. విజిట్ వీసా మీద ఒక్కరోజు పని చేసినా చట్టవిరుద్ధమే. పట్టుబడితే వెనక్కి పంపేస్తారు, మళ్లీ వెళ్లే దారి కూడా మూసుకుపోవచ్చు.

లిఫ్టుల దగ్గర మీరు వీడియోల్లో చూసే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, బ్రిటన్ కుర్రాళ్లు వర్కింగ్ హాలిడే వీసా మీద వచ్చినవాళ్లు. భారత్‌కు జపాన్‌తో ఆ ఒప్పందం లేదు. మీ చదువుకు సరిపోయే దారి ‘స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్’ వీసాలో హోటల్ వసతి రంగం. దీని మీద రెండు దేశాల మధ్య 2021లో ఒప్పందం కుదిరింది. ఆ రంగం నైపుణ్య పరీక్షతో పాటు జపనీస్ భాషా పరీక్షల్లో ఎన్4 స్థాయి గానీ జేఎఫ్‌టీ బేసిక్ అనే పరీక్ష గానీ పాసవ్వాలి. మొదటి రకం వీసా మొత్తం అయిదేళ్ల వరకు, కుటుంబాన్ని తీసుకెళ్లడానికి వీల్లేదు. ఇప్పటికే జపాన్‌లో చదువుకుంటున్న మనవాళ్లైతే అనుమతి తీసుకుని వారానికి 28 గంటలు, కాలేజీ పెద్ద సెలవుల్లో రోజుకు 8 గంటల దాకా పని చేయొచ్చు. చలికాలం సెలవుల్లో స్కీ కేంద్రాలకు మనుషులు కావాల్సిందీ సరిగ్గా అప్పుడే.

జీతం సంగతి: 2024 అక్టోబరులో హొక్కైదో కనీస వేతనం గంటకు 1,010 యెన్ అయింది. నిసెకో హోటళ్లలో సీజన్‌లో శుభ్రం చేసే పనికే 1,500 దాటి ఇవ్వడం మామూలు. చూసి మురిసిపోకండి, ఆ చుట్టుపక్కల అద్దెలు కూడా అలాగే ఉన్నాయి. ‘డార్మిటరీ ఉందా, దాని కోత ఎంత, మార్చి తర్వాత పని ఉందా’ అన్న మూడు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు వచ్చాకే సంతకం పెట్టండి.

జపాన్‌లో స్కీ చేసేవాళ్లు తగ్గిపోయారని ఒకచోట, రద్దీ తట్టుకోలేకపోతున్నారని ఇంకోచోట చదివాను. ఏది నిజం?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, వరంగల్

రెండూ నిజమే మాస్టారూ. 1990ల్లో ఆ దేశంలో స్కీ, స్నోబోర్డు చేసేవాళ్లు దాదాపు కోటీ ఎనభై లక్షలు. ఇప్పుడు అందులో నాలుగో వంతు చుట్టుపక్కల ఉంటారు. జోరు మీదున్న కాలంలో కట్టిన లిఫ్టులకు నలభై ఏళ్లు వస్తున్నాయి. చిన్న కేంద్రాల దగ్గర మార్చడానికి డబ్బు లేదు, నడపడానికి మనిషి లేడు. ఒక్క కుర్చీ లిఫ్టుకు ఎక్కేచోట, దిగేచోట, విరామాలకు కలిపి నలుగురైదుగురు కావాలి. మనుషులు చాలకపోతే రెండు లిఫ్టులు ఆపి మూడోది నడుపుతారు. అప్పుడు తక్కువ జనానికే క్యూ కనిపిస్తుంది. విదేశీయులు మాత్రం నిసెకో, హకుబా లాంటి నాలుగైదు పేర్లకే పోతారు. జపాన్ కుర్రాళ్లను మళ్లీ కొండెక్కించడానికి ‘యుకిమాజి 19’ అని 19 ఏళ్లవాళ్లకు లిఫ్టు ఉచితంగా ఇచ్చే పథకం చాలా ఏళ్లుగా నడుస్తోంది.

తిరుమలలో దర్శనానికి టికెట్లు ఇచ్చినట్టు రోజుకు ఇన్నే అని పెట్టేస్తే సరిపోదా?
– ఒక పాఠకుడు, తిరుపతి

పెట్టినవాళ్లున్నారు. రద్దీ రోజుల్లో టికెట్ల అమ్మకాన్ని ఆపే కేంద్రాలున్నాయి. అన్నిచోట్లా కుదరదు. నిసెకోలో ఒకే కొండ మీద నాలుగు కేంద్రాలు, వేర్వేరు యాజమాన్యాలు. ఒకరు ఆపితే జనం పక్క ద్వారం నుంచి ఎక్కుతారు. సీజన్ పాస్, ఐకాన్ లాంటి అంతర్జాతీయ పాస్ కొన్నవాళ్లను ఆ రోజున వద్దనలేరు. అందుకే ఎక్కువమంది ధర పెంచే దారి పట్టారు.

అసలు ఇరుకు కొండ మీద కంటే కింద ఊళ్లో. రాత్రి ఏడింటికి నిసెకో కొండ కిందున్న హిరాఫులో భోజనానికి టేబుల్ దొరకదు, టాక్సీ దొరకదు. 2023 డిసెంబరులో సప్పొరో, టోక్యోల నుంచి టాక్సీలను, డ్రైవర్లను సీజన్ వరకు అక్కడికి పంపే ఏర్పాటు మొదలుపెట్టారు. హిరాఫు ఉన్న కుచ్చన్ పట్టణం 2019 నవంబరులో గది అద్దె మీద 2 శాతం చొప్పున బస పన్ను వసూలు మొదలుపెట్టింది. మనిషికి ఇంతని కాకుండా అద్దెలో శాతంగా వేసిన మొదటి ఊరు జపాన్‌లో అదే. వెళ్లేవాళ్లు గది బుక్ చేసిన రోజే రాత్రి భోజనం కూడా బుక్ చేసుకోండి.